శ్రుతి అనబడే సుత్తి

మా పిల్లి కడుపు కోసి డాక్టరమ్మ బయటికి తీసినవి రెండు. ఒకటి నా తంబురా తీగ కింద పెట్టే నూలు దారం. రెండోది ఆ దారానికి చిక్కుకున్న చేప ముల్లు. మొదటిది నా అజాగ్రత్త. రెండోది నా పరువు.

పరువు ఎందుకంటారా? టెక్కలిలో మా వీధి వీధంతటికీ ఆరేళ్ళుగా నేను చెప్పుకొస్తున్నది ఒకటే మాట. "మా శ్రుతి పెరుగన్నం తప్ప ముట్టదండీ. సంగీతం మేష్టారింటి పిల్లి!" విన్నవాళ్ళు తలాడించి, అటు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. దగ్గు అనుకునేవాణ్ణి. రోజూ ఎనిమిదింటికి భావనపాడు నుంచి ఆటోలో వచ్చే చేపల తాయారు, ఎదురింటి గణపతిరావు అరుగు మీద తట్ట దించగానే తొలి వాటా మా శ్రుతిదేనట. ఈ సంగతి నాకు తప్ప వీధిలో అందరికీ తెలుసు.

ఇక దారం. తంబురాకి దారం మారుస్తూ, సంహిత అనే శిష్యురాలు స్వరం తప్పిందని మండిపడి, చేతిలో ఉన్నది విసిరికొట్టాను. కోపంలో విసిరింది ఎక్కడ పడిందో వెతుక్కునే అలవాటు నాకు లేదు. శ్రుతికి ఉంది.

శ్రీకాకుళంలో ఆపరేషన్ చేసిన అనిత డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "పది రోజులు ఇది గెంతకూడదు, ఎక్కకూడదు, పరుగెత్తకూడదు. చిన్న గదిలో ఉంచండి. చప్పుడు ఉండకూడదు. కుట్లు తెగితే మళ్ళీ కొయ్యాలి. ఇంత నీరసంగా ఉన్నదాన్ని మళ్ళీ కోస్తే బతుకుతుందని నేను చెప్పలేను."

చప్పుడు అన్న మాట దగ్గర మా ఆవిడ జ్ఞానాంబ నా వంక చూసింది. డాక్టరమ్మ కూడా చూసింది. అప్పటికి అరగంటగా నా గొంతు వింటోంది మరి.

పది రోజులు పాఠాలు ఉండవని పిల్లలందరికీ ఫోన్లు చేశాను. బాధపడతారనుకున్నాను. సంహిత "చాలా థాంక్స్ సార్!" అంది.

తంబురాల గది ఖాళీ చేసి శ్రుతిని అందులో పడుకోబెట్టాం. కుట్లు నాకకుండా మెడకి గరాటాలాంటి ప్లాస్టిక్ కాలర్ ఒకటి. మొదటిరోజు మందు మత్తులో గడిచిపోయింది. రెండో రోజు పొద్దున్న సరిగ్గా ఎనిమిదింటికి వీధిలోంచి కేక వచ్చింది. "సేపలో... నెత్తళ్ళో... కవళ్ళో!"

అంతే. శ్రుతి కిటికీ మీదికి ఎగిరింది. కాలర్ ఊచలకు తగిలి వెల్లకిలా పడింది. ఒడిసిపట్టి కడుపు చూశాను. కుట్లు తెగలేదు గానీ ఒక నెత్తురు చుక్క ఉబికింది. నా ప్రాణం పోయినంత పనయింది. ఆ భయాన్ని ఏం చెయ్యాలో తెలియక, ఎప్పటిలాగే కోపంగా మార్చుకుని వీధిలోకి పరుగెత్తాను.

"తాయారూ! ఈ వీధిలో నువ్వు అరవడానికి వీల్లేదు!"

"అరవకపోతే సేపలెలగమ్ముతాను బాబూ? మీరు అరవకండా పాటాలు సెప్తన్నారేటి?" అంది తాయారు. గణపతిరావు కిసుక్కున నవ్వాడు.

"లోపల మా పిల్లి చచ్చిపోయేలా ఉంది!"

తాయారు మొహం మారిపోయింది. "ఓలమ్మ! సుత్తికేటయినాది?"

"సుత్తి కాదు. శ్రుతి."

"అదే బాబూ, సుత్తి."

తట్ట అరుగు మీద వదిలేసి, మా కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, నన్ను అడక్కుండానే లోపలికి వెళ్ళిపోయింది. శ్రుతి పక్కన చతికిలబడి, దాని వీపు మీద చెయ్యి వేసి, అదే కేకని గొంతులోనే గొణిగింది. "సేపలో... తొంగోయే సుత్తీ... నెత్తళ్ళో..." మా పిల్లి ఆవిడ అరచేతిలో గడ్డం ఆనించి నిద్రపోయింది. నా సరస్వతీదేవి పటం ఎదురుగా!

ఆ రోజు నుంచి తాయారు మా వీధి మొగలోనే కేక ఆపేసి, నేరుగా వచ్చి శ్రుతిని నిద్రపుచ్చి, ఆ తర్వాతే బేరానికి వెళ్ళేది. జ్ఞానాంబ కాఫీ ఇచ్చేది. నేను గుమ్మంలో నిలబడి అసూయపడేవాణ్ణి.

ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం నీలాంబరి ఎత్తుకున్నాను. అది జోలపాటల రాగం. నా కచేరీల్లో ఏ రాగం పాడినా జనం నిద్రపోయేవారు కాబట్టి ఇది మరీ సులువనుకున్నాను. ఆలాపన సగంలో ఉండగానే శ్రుతి బీరువా కిందికి దూరబోయి, కాలర్ ఇరుక్కుని గిలగిల్లాడింది.

"దానికి కుట్లున్నాయండీ. వదిలెయ్యండి పాపం," అంది జ్ఞానాంబ.

ఏడో రోజు వాయుగుండం. భావనపాడులో పడవలు కదల్లేదు. ఎనిమిదయింది, తాయారు రాలేదు. శ్రుతి లేచింది. తలుపు గోకింది. గదంతా చుట్టబెట్టింది. కిటికీ కేసి చూస్తూ వెనక కాళ్ళ మీద కూర్చుంది, ఎగరడానికి. పట్టుకున్నాను. రక్కింది. గట్టిగా పట్టుకుంటే కుట్లు, వదిలితే కిటికీ. తాయారు ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"ఏదో ఒకటి చెయ్యండీ!" జ్ఞానాంబ ఏడుస్తోంది.

కళ్ళు మూసుకున్నాను. మడి కట్టుకుని వండుకునే కొంప మాది. చేప పేరు కూడా నా నోట ఎన్నడూ పలికింది లేదు. "సేపలో..." అన్నాను, నాకే వినపడనంత సన్నగా.

శ్రుతి చెవి ఇటు తిరిగింది.

"నెత్తళ్ళో..." పెనుగులాట ఆగింది. "కవళ్ళో..." మెల్లగా నా ఒళ్ళో వాలి, గడ్డం నా అరచేతిలో పెట్టింది. ఎంత సంతోషం కలిగిందంటే, ఏ సన్మానంలోనూ అంత కలగలేదు.

అక్కడ ఆపాల్సింది. ఆపితే నేను వేంకటాచలాన్ని ఎందుకవుతాను? నెత్తళ్ళ దగ్గర చిన్న గమకం వేశాను. కవళ్ళని పై షడ్జానికి ఎక్కించి నిలబెట్టాను. పిల్లి గుర్రు పెడుతూనే ఉంది. ఎంతసేపు పాడానో తెలియదు. జ్ఞానాంబ భుజం పట్టి కుదిపింది.

"ఇంక చాలు. గుమ్మంలో జనం."

వెళ్ళి చూస్తే వానలో గొడుగులేసుకుని ఐదుగురు, చేతుల్లో గిన్నెలు.

"పడవలెల్లనేదన్నారు, మీకాడికి సేపలెలగొచ్చినాయి మాస్టారూ?" అంది పక్కింటి కుమారి.

"నాకు కవళ్ళు," అన్నాడు గణపతిరావు.

నలభై ఏళ్ళ నా సంగీత జీవితంలో, నా గొంతు విని జనం ఇళ్ళలోంచి బయటికి రావడం అదే మొదటిసారి.

మర్నాడు వచ్చిన తాయారుకి ఈ సంగతి వీధి చివరే తెలిసిపోయింది. "బాగానే అరిసినారంట గానీ, నెత్తళ్ళో అన్నకాడ మరీ అంత సాగదీసీకండి బాబూ. సేప నిలవున్నాదనుకుంటారు," అంది. మా గురువుగారి తర్వాత నన్ను దిద్దినవాళ్ళు లేరు. దిద్దుకున్నాను.

పదకొండో రోజు కుట్లు విప్పించడానికి వెళ్ళాం. శ్రుతి బుట్టలోంచి బయటికి రాదు.

"లాగొద్దు. మీరు మెల్లగా పిలవండి, వస్తుంది," అంది డాక్టరమ్మ.

"శ్రుతీ," అన్నాను. కదల్లేదు. వెనక బెంచీల మీద పదిమంది, వాళ్ళ కుక్కలు. గొంతు సవరించుకున్నాను.

"సుత్తీ... సేపలో... నెత్తళ్ళో..."

ఎక్కడా సాగదియ్యలేదు. అది బయటికి వచ్చి గడ్డం నా చేతిలో పెట్టింది. డాక్టరమ్మ నవ్వాపుకుంటూనే దారాలు ఒక్కొక్కటే కత్తిరించింది. "ఒక్కటీ తెగలేదండీ. చక్కగా మానింది."

అందరి ముందూ ఏడ్చేశాను. డాక్టరమ్మ చీటీ తీసుకుని అడిగింది. "ఇందులో పేరు శ్రుతి అని ఉంది. మార్చమంటారా?"

మార్చమన్నాను.