గురువారం ఎత్తిన పాట

డబ్బా పేలిన చప్పుడు నేను విన్నాను. జ్ఞానమణి మొహం పట్టుకుని కూలబడడం నేను చూశాను. అందుకే ఇది నేను చెబుతున్నాను. పనిచోట రేడియో పెట్టుకునేవాళ్లూ, హాస్టలు గదుల్లో రేడియో వినే పిల్లలూ వినాలి.

రెండు వేల ఎనిమిది, మే నెల. తిరువూరు నుంచి విస్సన్నపేట వెళ్లే రోడ్డు మీద ఆదిశేషయ్యగారి మామిడికాయల షెడ్డు. ముప్ఫైమంది ఆడవాళ్లం. గంపల్లో గడ్డి పరిచి, కాయలు పేర్చి, మధ్య మధ్య మందు పొట్లాలు పెట్టడం మా పని. మందంటే కార్బైడు. తడి తగిలితే పొగలు కక్కుతుంది. రెండు రోజుల్లో కాయ పసుపు తిరుగుతుంది, మా చేతులు పొక్కుతాయి. పొట్లాలకు పాత పేపర్లు ఇచ్చేవాళ్లు. బడి మొహం ఎరగని నేను చదువు నేర్చుకున్నది ఆ ముక్కల మీదే. ఆ మందు వాడకూడదని ప్రభుత్వం చెప్పిందని కూడా ఒక పొట్లం కాగితం మీదే చదివాను. చదివి, భయపడి, మందు పోసి మడిచేశాను.

ముందురోజు గాలివానకు రేకులు కారి ఒక మందు డబ్బాలోకి నీళ్లు దిగాయి. అది తెలియక జ్ఞానమణి మూత తీయబోయింది. కుడి కన్ను అక్కడికక్కడే పోయింది.

"ఎడమది కూడా దెబ్బతింది. నెలలోపు ఆపరేషన్ చేయించకపోతే అదీ దక్కదు" అన్నాడు డాక్టరు.

లేబరు ఆఫీసరు విచారణకొచ్చాడు. ఆదిశేషయ్యగారు కుర్చీలోంచి లేవకుండానే, "ఎవరండీ ఆ మనిషి? ఆ పేరు గల కూలీ మా షెడ్డులో లేదే!" అన్నాడు. జ్ఞానమణి గుమ్మంలోనే నిలబడి ఉంది, కంటికి కట్టుతో. ఆఫీసరు తల ఊపి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

షెడ్డులో మాకున్న తోడు రేడియో ఒక్కటే. గలగల ఎఫ్.ఎం. విజయవాడలో పెట్టి అప్పటికి రెండేళ్లు. కిటికీ ఊచకు రాగి తీగ కడితే మాకు అందేది. తెల్లారి భక్తి పాటలు, పదకొండింటికి వంటలు, సాయంత్రం ప్రేమించుకునేవాళ్ల పాటలు. మొదటి ఏడాది పాటలు కోరుతూ మేం రాసిన కార్డులన్నీ ఊరు పేరుతో సహా చదివారు. గాలిలో తిరువూరు పేరు వినిపిస్తే మేమే వెళ్లొచ్చినట్టుండేది. రెండో ఏడాదికి కార్డులు పోయి నగల కొట్లు వచ్చాయి. వాటి మధ్యలో మా ఆసామి ప్రకటన: "ఆదిశేషయ్య మామిడి, చెట్టున పండిన తీపి!" అది వచ్చినప్పుడల్లా పొట్లాలు కడుతూ నవ్వుకునేవాళ్లం. జ్ఞానమణి కన్ను పోయాక ఎవరూ నవ్వలేదు.

జరిగిందంతా రాసి రేడియోకి కార్డు వేశాను. జవాబు వచ్చింది. "మా స్టేషన్లో వార్తలు చెప్పడానికి అనుమతి లేదు. పాటలు, కబుర్లు మాత్రమే. మీకు ఇష్టమైన పాట ఏమిటో రాయండి."

ఆ వారమే గుమాస్తా వచ్చి చెప్పాడు. గురువారం మధ్యాహ్నం 'పనిలో పాట' కార్యక్రమానికి మన షెడ్డును ఎంచుకున్నారట. ఫోను చేస్తారు, మేం పాడాలి. అయ్యగారు స్టూడియోలో కూర్చుని తన పళ్ల గురించి చెబుతారు.

అన్నాల వేళ గంపల వెనక గుంపుగా కూర్చున్నాం.

"పాడేది లేదు. లారీకి సరుకు ఎత్తేది లేదు" అన్నాడు రాయప్ప. అతను హమాలీల పెద్ద.

"నీకేం, రేపు ఇంకో షెడ్డులో మూటలు మోస్తావు. మమ్మల్ని ఎవడు పిలుస్తాడు?" అంది మాణిక్యమ్మ.

"ముప్ఫైమంది ఉండి ఒక్కడికి భయపడతారా?"

"ఆ ఒక్కడి వెనక పోలీసు స్టేషనుంది, చూడలేదా? మీసాలు పెంచగానే సరిపోదు మావా!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు భయం. మొగుణ్ణి ఆస్పత్రికని బస్సెక్కించాను, చెల్లెల్ని కువైట్‌కని బస్సెక్కించాను. ఇద్దరూ తిరిగి రాలేదు. ఎవరు ఏ అడుగు ముందుకేసినా వాళ్లూ తిరిగి రారనిపిస్తుంది.

"పెద్దమ్మా, ఆ రేడియోవాళ్ల కార్డు మళ్లీ చదువు" అంది జ్ఞానమణి. చదివాను.

"వార్త చెప్పకూడదు. పాట పాడొచ్చు. అంతేగా?"

నాట్ల కాలంలో పాట ఎత్తేది ఎప్పుడూ జ్ఞానమణే. మా పక్క నాట్లలో ఒక కట్టుబాటుంది. ఒకతె చరణం ఎత్తితే మిగతావాళ్లు అందుకోవాల్సిందే. ఎంత పగ ఉన్నా సరే, ఎత్తిన పాట నేలన పడనివ్వరు.

"నువ్వు ఎత్తవే. మేం అందుకుంటాం" అంది మాణిక్యమ్మ.

గురువారం జ్ఞానమణిని గంపల మధ్య కూర్చోబెట్టాం. ఫోను మోగింది. గుమాస్తా పళ్లికిలించి మా ముందు పెట్టాడు. మాట్లాడే అమ్మాయి పేరు స్నిగ్ధ, రోజూ వినే గొంతే. "హలో తిరువూరు! మీ రేడియో వాల్యూమ్ కాస్త తగ్గించండమ్మా, గోల వస్తోంది." తగ్గించడమెందుకని రేడియో పూర్తిగా కట్టేశాం. జ్ఞానమణి ఎత్తింది.

"కాయ పండేది మందుతోనే, కన్ను పోయింది మందుతోనే,
పేరే లేని దాన్నంట నేను, జ్ఞానమణిని, వినండమ్మా!"

ముప్ఫై గొంతులు అందుకున్నాయి. గుమాస్తా ఫోను లాక్కోబోతే రాయప్ప అతనికి అడ్డం నిలబడ్డాడు. డబ్బా సంగతి, కొబ్బరినీళ్ల సంగతి, చెట్టున పండిన తీపి సంగతి, అన్నీ పాడాం. చివరికి గొంతులు బొంగురుపోయాయి. జిల్లా అంతా విందని ఒకళ్లనొకళ్లం పట్టుకుని ఏడ్చాం.

టీ కొట్టు దగ్గర్నుంచి ఒక హమాలీ పరిగెత్తుకొచ్చాడు. "మొదటి చరణానికే కోసేశారు! మీరు అందుకునేలోపే నగల కొట్టు ప్రకటన వేశారు!"

రేడియో మేమే కట్టేసుకున్నాం. చచ్చిన ఫోనుకి పాట అంతా పాడాం. జ్ఞానమణి తల దించుకుంది. పని పోయింది, కన్ను పోతుంది, ఇదంతా నా కార్డు వల్లేననుకున్నాను.

మూడింటికి రోడ్డు మీద షేర్ ఆటోలు ఆగాయి. ఒకటి కాదు, ఎనిమిది. విస్సన్నపేట షెడ్ల ఆడవాళ్లు, చేతులకు మందు పొక్కులతో దిగారు. ముందున్నామె నడుం మీద చెయ్యి పెట్టి, "పాట ఎత్తింది ఎవరమ్మా? ఎత్తి వదిలేస్తారా? మేం మా షెడ్డులో అందుకున్నాం. పని ఆపి అందుకున్నాం. రెండో చరణం ఏంటో చెప్పండి!" అంది.

జ్ఞానమణి లేచి నిలబడింది.

ఆ రోజు నుంచి గేటు ముందు కూర్చున్నాం. లారీలు కదల్లేదు. కలెక్టరు రకం మామిడికాయలు లోపలే మగ్గి కుళ్లాయి. ఐదో రోజు గుమాస్తా జ్ఞానమణికి చెవిలో చెప్పినట్టు చెప్పాడు. "ఆపరేషన్ చేయిస్తారట. నీ అజాగ్రత్త వల్లే అని వేలిముద్ర వెయ్యి. గేటు వదిలెయ్యండి."

జ్ఞానమణి అందరికీ వినపడేలా అంది. "కన్ను ఇస్తాడట, నోరు ఇమ్మంటున్నాడు. ఆ కన్నుతో నేను చూసేది మళ్లీ ఈ మందు డబ్బాలేనా? మందు ఆగాలి. ఆపరేషన్ నా హక్కని అందరి ముందూ చెప్పి చేయించాలి."

మళ్లీ గురువారం పోలీసు జీపు వచ్చింది. ఎస్సై కాగితం చూపించి, "కంప్లైంటు ఉంది. ఎక్కండి" అన్నాడు.

"ఏం రాశారు సార్?" అన్నాను.

"చదవడం వచ్చా ముసలమ్మా? ఇదిగో, చదువుకో."

గట్టిగా చదివాను. "మా షెడ్డులో ఆరేళ్లుగా పనిచేస్తున్న కూలీ జ్ఞానమణి, తోటి కూలీలను రెచ్చగొట్టి..." కింద ఆదిశేషయ్య సంతకం.

మాణిక్యమ్మ కేక వేసింది. "ఉందట! జ్ఞానమణి ఆరేళ్ల నుంచీ ఉందట! వాడి చేత్తోనే రాశాడు!" గేటు ముందు చుట్టుపక్కల షెడ్ల నుంచి వచ్చి చేరిన మూడొందల మంది చప్పట్లు. ఎస్సై కాగితం లాక్కున్నాడు. అప్పటికే అందరూ విన్నారు.

జ్ఞానమణినీ నన్నూ రాయప్పనూ జీపెక్కించారు. ఇన్నాళ్లూ నేనే సాగనంపాను. ఆ రోజు నన్ను సాగనంపడానికి ఒక ఊరంత జనం నిలబడ్డారు.

జీపులో రేడియో మోగుతోంది. స్నిగ్ధ గొంతు. "హలో, 'పనిలో పాట'కి స్వాగతం. ఎక్కడి నుంచమ్మా?"

"ఎ.కొండూరు నుంచి."

"ఏం పాట పాడతారు?"

"కాయ పండేది మందుతోనే..."

"ఆపవయ్యా దాన్ని!" అన్నాడు ఎస్సై. డ్రైవరు రోడ్డు చూస్తూ, "మీట పనిచెయ్యట్లేదు సార్" అన్నాడు. ఈసారి ప్రకటన రాలేదు. స్నిగ్ధ కూడా మాట్లాడలేదు. గాలిలో ఎత్తిన చరణం అందుకునేవాళ్ల కోసం ఆగి ఉంది.

జ్ఞానమణి నా చెయ్యి పట్టుకుంది. ముగ్గురం అందుకున్నాం.