చీటీ కట్టని సంచి

గోధుమరంగు సంచి పోయిన రోజున మిగతా సామానంతా క్షేమంగా ఒడ్డుకు చేరింది. అత్తగారి పెద్ద పెట్టె, ఆవిడ దిండూ మోకాళ్ల పట్టీలూ పెట్టిన గుడ్డసంచి, భర్త చక్రాల పెట్టె, ఆయన కోట్లు నలక్కుండా పెట్టుకునే పొడవాటి బ్యాగు, అన్నీ రేవు షెడ్డులో ఆకుపచ్చ బోర్డు కింద వరసగా నిలబడి ఉన్నాయి. ఆమె ఒక్కొక్కదాన్నీ పిడి పట్టుకుని పక్కకు లాగింది. చివరిదాని వెనక ఏమీ లేదు. భర్త పెట్టె పిడికి తాడు ముక్క ఒకటి వేలాడుతోంది. రాత్రి ఆమె తన చేత్తో వేసిన ముడి సగం ఊడిపోయి ఉంది.

"మనవన్నీ వచ్చేశాయిగా, పద," అన్నాడు భర్త.

ఆమె వంగి పక్క వరసలో చూసింది. నీలం బోర్డు కింద చూసింది, పసుపు బోర్డు కింద చూసింది. ఎవరెవరో తమ పెట్టెలు గుర్తుపట్టి, బడి వదిలాక పిల్లల్ని తీసుకెళ్లినట్టు వాటిని లాక్కుపోతున్నారు.

"ఏం వెతుకుతున్నావు?"

"నాది రాలేదండీ."

"నీదేముంది?" అన్నాడాయన. నిజంగానే గుర్తులేక అడిగాడు. వెటకారంగా అడిగి ఉంటే ఆమెకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

అసలు ఆ సంచి ఆమెది కాదు, అక్కది. అక్క ఒంటరి మనిషి. పక్క ఊళ్లో ఒక మేడ మీది రెండు గదుల్లో ఉంటూ, ఆస్పత్రిలో మందులిచ్చే కౌంటర్లో ఉద్యోగం చేసేది. ఏడాదికోసారి మాత్రం ఓడెక్కేది. సీజను ముగిశాక విహార ఓడలు ఒక తీరం వదిలి ఇంకో తీరానికి మారతాయి. ఖాళీగా పోవడం దండగ కనక ఆ రెండు మూడు రాత్రుల ప్రయాణానికి టికెట్లు చవగ్గా అమ్ముతారు. తీసుకెళ్లడమే గానీ వెనక్కి తీసుకురావడం ఆ ఓడ పని కాదు. దిగినచోట రైలో బస్సో పట్టుకుని, ఎవరి సామాను వాళ్లు మోసుకుని ఇంటికి రావాలి. అందుకే అక్క ఆ ఒక్క సంచితోనే వెళ్లేది. "ఓడకి బదిలీ అయిందే, మీ టీచర్లకి అయినట్టే. కొత్త ఊళ్లో చేరడానికి పోతోంది పాపం, తోడు వెళ్లొస్తా," అనేది.

ఈసారైనా రావే, అని ఏటా అడిగేది. ఆమె ఒక ఏడాది పరీక్ష పేపర్లు దిద్దాలంది, ఒక ఏడాది అత్తగారి మోకాలి ఆపరేషనంది, ఒక ఏడాది సాకు కూడా తట్టక ఊరికే నవ్వేసింది. చివరికి అక్క అడగడం మానేసి రెండు టికెట్లు కొనేసింది. "రద్దు చేస్తే పైసా తిరిగి రాదట. ఇప్పుడు చెప్పు ఏం చెప్తావో," అని ఫోన్లో పకపకా నవ్వింది. ఆ తర్వాత కొద్ది రోజులకే నిద్రలో పోయింది. గుండె, అన్నారు.

"టికెట్లు పాడు చేసుకోవడం ఎందుకు?" అన్నాడు భర్త. అక్క పేరు తీయించి తన పేరు రాయించాడు. గదిలో గోడకి ఇంకో మడత మంచం ఉంటుందని తెలిశాక అత్తగారికి కూడా టికెట్ తీసుకున్నాడు. అడిగిన వాళ్లందరితో, "ఈవిడ మనసు కాస్త తేలికపడుతుందని పెట్టుకున్నాం ఈ ప్రయాణం," అని చెప్పాడు. ఓడెక్కాక మడత మంచం ఆమెకు వచ్చింది. దాన్ని దించితే గది తలుపు పూర్తిగా తెరుచుకోదు. కాబట్టి రాత్రి అందరూ పడుకున్నాకే దించాలి, పొద్దున అందరూ లేవకముందే ఎత్తాలి.

సామాను సర్దడం ఆమెకు వచ్చినట్టు ఎవరికీ రాదని ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. పెళ్లైన కొత్తలో అది మెప్పనుకుని మురిసిపోయింది. బడిలోనూ అంతే. పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లినప్పుడల్లా హెడ్మాస్టరు, "మీరుంటే నాకు నిశ్చింత మేడమ్," అని బస్సులో ముందు సీట్లో కూర్చుని కునుకు తీస్తాడు. ఆమె వెనక నిలబడి బ్యాగులు చూసుకుంటుంది. ఒకరి నిశ్చింత కోసం ఇంకొకరు మేలుకుని ఉండాలన్నది ఆ మాటలో ఎక్కడా వినపడదు. ఓడ మీద సముద్రాన్ని ఆమె ఎక్కువగా గుండ్రటి కిటికీలోంచే చూసింది. మడత పెడుతున్న చొక్కాకీ, వెతుకుతున్న మాత్రల డబ్బాకీ మధ్య తల ఎత్తితే నీళ్లు కనిపించేవి. పైకి వెళ్లి కూర్చుందామనుకున్నప్పుడల్లా అత్తగారు, "ఎంతసేపూ, ఇప్పుడే వచ్చెయ్, నాకిక్కడ గొళ్లెం తీయడం రాదు," అనేది.

సంచిలో ఆమె బట్టలు నాలుగే ఉన్నాయి. వాటి అడుగున అక్క స్వెటరు. బూడిదరంగుది. మోచేతి దగ్గర చిరిగితే అక్కే ఎర్ర దారంతో కుట్టుకుంది. బూడిదరంగు దారం దొరకలేదా అంటే, "దొరికింది. ఎర్రదే బాగుందనిపించింది," అంది. పోయే ముందు రోజు సాయంత్రం విప్పి కుర్చీ మీద వేసిన స్వెటరు అది. దాన్ని ఆమె ఉతకలేదు. ఇంట్లో ఎవరు ఏది విప్పినా ఆ పూటే తడిపేసే మనిషి, ఆ ఒక్కదాన్ని మాత్రం నీళ్లు తగలనీయలేదు. ఒకసారి అత్తగారు బీరువాలో చూసి, "మాసిన బట్ట దాచుకుంటారటే ఎవరైనా? ఇటివ్వు, నేను నానబెడతా," అంది. అప్పటినుంచి అది బీరువాలోంచి సంచిలోకి మారింది. ఓడ పైఅంతస్తులో, గాలిలో, దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక గంటసేపు ఒంటరిగా కూర్చోవాలని ఆమె అనుకుంది. ఏడవాలని కూడా అనుకుంది. అక్క పోయిన రోజునుంచీ వచ్చినవాళ్లకి కాఫీలివ్వడంతోనే సరిపోయింది.

దిగే ముందు రాత్రి పెట్టెలన్నీ గది బయట వరండాలో పెట్టేయాలి. వాటికి రంగు చీటీలు కట్టాలి. ఓడవాళ్లు తెల్లారేలోగా వాటిని దించి, రేవు షెడ్డులో రంగుల ప్రకారం పేరుస్తారు. గదికి ఇచ్చిన చీటీలు మొదటి నాలుగింటికే సరిపోయాయి.

"నా సంచి చేత్తో పట్టుకుంటాను," అంది ఆమె.

"మరి అమ్మని ఎవరు పట్టుకుంటారు? నా కోటు, మందులు, ఇవన్నీ ఉన్నాయిగా. నా పెట్టెకి తాడేసి కట్టెయ్, రెండూ కలిసే వస్తాయి."

"చీటీ లేకపోతే దించరటండీ. కింద అడిగి ఇంకోటి తెస్తాను."

"ఓడ నడిపేవాళ్లకి ఆ మాత్రం తెలీదా? నీకు మరీ చాదస్తం."

అయినా కిందకి వెళ్దామనే అనుకుంది. ఈలోగా అత్తగారికి మోకాళ్లకి వేడినీళ్లు కావలసొచ్చాయి. తర్వాత భర్తకి పొద్దున వేసుకోవలసిన బట్టలు విడిగా తీసిపెట్టాలి, అత్తగారివీ తీసిపెట్టాలి. ఆ పనులయ్యేసరికి కింద కౌంటరు మూసేశారు. పొద్దున లేచాక తెలిసింది, తన బట్టలు తీసిపెట్టుకోలేదని. నిన్నటివే కట్టుకుంది. ఓడ రేవులోకి రావడం చూడాలని అక్క ఎప్పుడూ చెప్పేది. ఆ రేవు గుట్టు తెలిసిన మనిషి ఒకడు చిన్న పడవలో ఎదురొచ్చి, తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కుతాడట. ఓడ అలా ఆగి ఎదురు చూస్తున్న వేళకి ఆమె మంచం కింద మోకాళ్ల మీద కూర్చుని భర్త మేజోళ్లలో రెండోది వెతుకుతోంది.

షెడ్డు చివర, పోయిన సామాను అడిగే కౌంటర్లో ఒక అమ్మాయి ఉంది. యూనిఫారం మీద పేరు బిళ్ల, బల్ల కింద చెప్పులు విప్పిన కాళ్లు.

"చీటీ ఏ రంగు మేడమ్?"

"చీటీ లేదమ్మా."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "అయితే ఓడ పైనే ఉండిపోయుంటుంది. చెప్పి చూస్తాను. సాయంత్రం ఓడ వెళ్లిపోతుంది. ఈలోపు దొరికితే దించుతారు. మీరు ఉంటారా?"

"మా రైలు మధ్యాహ్నమే," అన్నాడు భర్త వెనకనుంచి. ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏముంది అందులో?"

"అక్క స్వెటరు."

"కొత్తది కొనుక్కుందువుగాని. ఇంకా మంచిది. పద, అమ్మ నిలబడలేకపోతోంది."

"మీరు వెళ్లండి. నేను చూసుకుని వస్తాను."

ఆమె గొంతు పెంచలేదు. క్లాసులో పాఠం పేజీ చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆయన కాసేపు ఆమెనీ, తర్వాత పెట్టెల్నీ చూశాడు.

"మరి ఇవన్నీ ఎవరు మోస్తారు?" అంది అత్తగారు.

కొత్త ఊళ్లో ఒక్కదానివి ఎలా ఉంటావనో, ఎలా వస్తావనో అడుగుతారేమోనని ఆమె ఒక్క క్షణం ఆగింది. ఎవరూ అడగలేదు. సామాను బండి తెచ్చి, బరువైనవి కింద, గుడ్డసంచి పైన ఉండేలా పేర్చి, చేతిలోని మందులు ఆ సంచి పక్క జేబులో పెట్టింది. భర్త చక్రాల పెట్టె పిడి బయటికి లాగబోయి రెండుసార్లు గుంజాడు. అది రాలేదు. ఇన్నేళ్లుగా ఆ పెట్టె ఆయనదే.

"కింద మీట ఉంటుంది, నొక్కండి," అంది.

నొక్కితే వచ్చింది. "ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

బయల్దేరే ముందు అత్తగారు బండి అంచు పట్టుకుని నిలబడింది. "మా చెల్లెలు పోయినప్పుడు మీ మామగారికి టైఫాయిడ్. నేను వెళ్లనే లేదు," అంది. అది దెప్పిపొడుపో, ఇంకేదో ఆమెకు అర్థం కాలేదు. ముసలావిడ కళ్లు పెట్టెల మీదే ఉన్నాయి.

వాళ్లు వెళ్లాక షెడ్డు ఖాళీ అయింది. బోర్డులు తీసి గోడకి ఆనించారు, నేల తుడిచారు. ఆమె బెంచీ మీద కూర్చుంది. చేతుల్లో ఏమీ లేకపోవడం కొత్తగా ఉంది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. గోడకవతల ఓడ తెల్లగా, ఎత్తుగా, ఏ సంగతీ పట్టనట్టు నిలబడి ఉంది. అందులో ఎక్కడో, ఏ వరండా మూలో, ఎర్ర దారం కుట్టు ఉంది.

ఎండ తగ్గాక కౌంటరు అమ్మాయి చెప్పులీడ్చుకుంటూ తనే వచ్చింది.

"వెతికారు మేడమ్, దొరకలేదు. గోదాములో పడి ఉంటే తర్వాత రేవులో దించి పంపుతారు. నెల పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. రాకపోనూ వచ్చు, అబద్ధం చెప్పను." బెంచీ చివర కూర్చుంది. "విలువైనవేమన్నా ఉన్నాయా?"

"స్వెటరు."

"ఉన్నిదా?"

"మా అక్కది. చనిపోయింది."

ఆ అమ్మాయి అయ్యో అనలేదు. పెన్ను తీసి, "దొరికితే ఎక్కడికి పంపమంటారు?" అంది.

ఆమె నోరు తెరిచింది. ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్పే చిరునామా నాలుక మీదికి వచ్చి ఆగింది. ఆ ఇంటికి పార్శిలొస్తే తలుపు తీసేది అత్తగారు. తను బడినుంచి వచ్చేసరికి స్వెటరు దండెం మీద, శుభ్రంగా, సబ్బు వాసనతో ఆరుతుంటుంది. ఎవరినీ తప్పుపట్టడానికి కూడా ఉండదు.

ఆమె అక్క ఇంటి చిరునామా చెప్పింది. మేడ మీద వాటా, వెనక మెట్లు. ఏడాది చివరిదాకా అద్దె అక్కే కట్టి పోయింది. తాళాలు తన చేతిసంచిలోనే ఉన్నాయి. ఈ నెలలో ఖాళీ చేసి ఇచ్చెయ్, ఎందుకా లంపటం, అని భర్త రెండుసార్లు అన్నాడు.

"అక్కడ తీసుకోవడానికి మనిషి ఉండాలి మేడమ్. లేకపోతే వెనక్కి పంపేస్తారు."

"ఉంటాను," అంది. అన్నాక ఆ మాట తనకే వినపడింది.

ఓడ కదిలినప్పుడు రేవు గోడ దగ్గర ఆమె ఒక్కతే ఉంది. అది చప్పుడు లేకుండా కదిలింది. గోడకీ ఓడకీ మధ్య నీళ్లు సన్నగా మొదలై వెడల్పయ్యాయి. అప్పుడు వచ్చింది ఏడుపు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, తలుపు వేసుకోనక్కర్లేదు, ఎవరికీ కాఫీ ఇవ్వక్కర్లేదు. ఓడ మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా ఏడ్చి, ముక్కు తుడుచుకుని స్టేషనుకి నడిచింది.

టికెట్ తీసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా భర్త ఫోన్ చేశాడు.

"అమ్మ మాత్రలు ఎందులో పెట్టావు?"

"గుడ్డసంచి పక్క జేబులో."

"ఆ, ఉన్నాయి. బండెక్కావా?"

"ఎక్కుతున్నాను."

"సరే, తొందరగా వచ్చెయ్," అని పెట్టేశాడు. సంచి దొరికిందా అని అడగలేదు.

బండి వచ్చింది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అది ఏ ఊరు వెళ్లే బండో ఆయనకి ఇంకా చెప్పలేదు.