ఆమోసు కాక, ఖాళీ కొక్కెం

"కాకా, నల్ వచ్చింది, జల్ది రా" అని టైమాఫీసు కిటికీలోంచి కంప్యూటరు గుమాస్తా మమత పిలిచేసరికి, ఆమోసు తుడుస్తున్న దీపాన్ని కొక్కేనికి తగిలించి, మూలనున్న బకెట్టు అందుకుని ఉరికాడు. గోదావరిఖనిలో నల్లా వచ్చిందంటే ఎవరైనా అలాగే ఉరుకుతారు. తీరా వెళ్తే అక్కడ నీళ్ళు లేవు. ఉన్న కాసిన్నీ మమత కళ్ళలో ఉన్నాయి.

"నల్లా కాదు కాకా, నల్. గడి ఖాళీ అన్నట్టు. రాయమల్లన్న పేరు పక్కన ఏం రాసి లేదు."

"ఏం లేనిదానికి నన్ను గింత ఉరికిస్తివి, ఏమన్న ఉంటే ఏం చేద్దువు బిడ్డా" అంటూ ఆమోసు బకెట్టు బోర్లించి దానిమీదే కూర్చున్నాడు.

ఆమోసు పొట్టిమనిషి. చెవులమీద తెల్లవెంట్రుకలు, ముక్కుమీద దారంతో కట్టిన కళ్ళజోడు. పాతకాలపు బ్యాటరీ దీపాల ఆసిడ్ చుక్కలు పడిపడి ఆయన చొక్కాలన్నీ జల్లెడలే. "మా ఆయనకు ఎండకాలం చొక్కాలు, చలికాలం చొక్కాలని రెండు రకాలు లేవు, అన్నీ గాలి చొక్కాలే" అంటుంది భార్య రాహేలు. ముప్పై ఆరేళ్ళుగా ఈ బొగ్గుబాయి ల్యాంపురూములో టోపీదీపాలు అందిస్తూ వేలమందిని కిందికి దించాడు గానీ తానొక్కసారీ దిగలేదు. దిగడమే తెలియని మనిషి ఈ సాయంత్రం నాలుగింటికి నౌకరీలోంచి దిగిపోతున్నాడు.

ఆయన చోటులోకి ఎవరు వస్తారన్నది మూడింటికి తేలుతుంది. లోపలి పనికి పనికిరారని దవాఖాన బోర్డు తేల్చినవాళ్ళ జాబితా చూసి, అందులో అందరికన్నా పాత మనిషికి మేనేజరు రఘుపతి ఆర్డరు రాస్తాడు. పాత మనిషంటే రాయమల్లే. మూడేళ్ళ కిందట బొగ్గుపెళ్ళ పడి అతని కుడి మోకాలు వంగడం మానేసింది. ఈ ఆర్డరు రాకపోతే రేపు పొద్దున మళ్ళీ రెండు కిలోమీటర్ల వాలు దిగి, అంతా ఎక్కి రావాలి. రాయమల్లు బయట అరుగుమీద కాలు చాపుకుని, ఎవరు తలుపు తీసినా తనకోసమే అన్నట్టు చూస్తున్నాడు.

గడియారం రెండూ పది చూపిస్తోంది.

"ఫిట్ అయినోళ్ళ లిస్టు తీసిన, అండ్ల లేడు. సరే అనుకున్న. ఫిట్ కానోళ్ళు ఎవరని అడిగిన, ఇండ్లా లేడు" అంది మమత. "ఫిట్ అని లేనోడు ఫిట్ కానోడే గదా కాకా?"

ఫిట్టూ అన్‌ఫిట్టూ కాకుండా కంప్యూటరు మూడో ఫిట్టింగు పెట్టింది.

"అండ్ల ఎంతమంది?"

"నూట ఎనబై ఒకటి."

"ఇండ్ల?"

"ఇరవై ఎనిమిది."

"బోర్డుకు పోయింది రెండువందల పన్నెండు మంది. నేనే వాళ్ళ దీపాలు పక్కకు పెట్టిన." ఆమోసు వేళ్ళు ముడిచాడు. "ముగ్గురు ఏడవోయిన్రు?"

లెక్క కలవకపోతే ఆమోసుకు ఆకలి కాదు. ఆయన లేచి మమతను ల్యాంపురూములోకి తీసుకెళ్ళాడు. గోడ నిండా నంబర్లు వేసిన కొక్కేలు. బాయిలోకి దిగేవాడు కొక్కెంనుంచి దీపం తీసుకుని, దాని చోట తన ఇత్తడి బిళ్ళ తగిలించి పోతాడు. ఎక్కి వచ్చాక దీపం తగిలించి బిళ్ళ తీసుకుంటాడు.

"దీపముంటే మనిషి పైనున్నట్టు. బిళ్ళ ఉంటే కిందున్నట్టు. రెండూ లేకుంటే?"

"కింద లేనట్టు."

"ఎనకటొకసారి షిఫ్టు అయినంక గట్లనే అన్నడు బాయిల పని చూసే సర్దారు. బిళ్ళలన్నీ పోయినయి, కిందెవ్వలు లేరు, ల్యాంపురూముకు తాళమెయ్యమన్నడు. ఒక్క కొక్కేనికి దీపం లేదు, బిళ్ళ లేదు. సదయ్యది. నేను తాళమెయ్యలే. మనుషులను దించి సగం బాయి దేవులాడిపిచ్చిన. ఆఖరికి ఇంటికి పోతే, తలకు దీపం పెట్టుకునే మటన్ తింటున్నడు. ఆకలికి దీపమిచ్చుడు మర్చి బిళ్ళ గుంజుకపోయిండట."

"పైన్నే ఉన్నడు గదా మరి" అంది మమత నవ్వుతూ.

"గాయనకు మటన్ ఉన్నది కాబట్టి పైనున్నడు. ఇంకొకడు కిందనే ఉండొచ్చు. ఖాళీ కొక్కెం పైన అని చెప్పదు, కింద అని చెప్పదు. తెల్వదు అంటది. ఎవ్వన్ని అడగాల్నో గది మాత్రం చెప్తది. లేనోడు వేరు, కానోడు వేరు బిడ్డా."

మమత గోడకేసి చూసి, కంప్యూటరు దగ్గరికి పరుగెత్తింది, వెనకే ఆమోసు. గడి ఖాళీకి సమానమైనవాళ్ళు ఎవరని అడిగింది. ఒక్క పేరూ రాలేదు.

"ఖాళీ ఖాళీకి సమానమా అంటే అది కూడ తెల్వదంటున్నది కాకా. దీనికి మెదడు ఖాళీ."

"దాన్నేమనకు. ఇద్దరు ఏడున్నరో తెల్వనప్పుడు, ఇద్దరూ ఒక్కకాడనే ఉన్నరని ఎట్లంటవు? సమానమా అని అడగకు. ఖాళీగున్నదా అని అడుగు."

అలా అడిగే మాట ఉందని మమతకు గుర్తొచ్చింది. కొట్టింది. టకటకమని మూడు పేర్లు పడ్డాయి. రాయమల్లు, ఎల్లన్న, జగదీశ్వర్.

వార్త విని రాయమల్లు కుంటుతూ లోపలికి వచ్చాడు. "దొరికింది గదా చెల్లే. పక్కన కానోడు అని కొట్టు. నా మోకాలే సాక్ష్యం."

రెండూ నలభై. మమత వేళ్ళు మీటలమీద ఆపి ఆమోసువైపు చూసింది.

ఆమోసు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రాయమల్లు కూతురు పుట్టినప్పుడు మిఠాయి పంచింది ఈ గదిలోనే. మోకాలు చితికిన రోజు అతన్ని మోసుకొచ్చి పడుకోబెట్టిందీ ఈ బల్లమీదే.

"నీకు రాయాలనే ఉన్నదిరా రాయమల్లూ. కని ఖాళీ కొక్కేనికి నా ఇష్టమొచ్చిన బిళ్ళ ఏనాడూ ఎయ్యలే. ఆఖరి దినం ఎయ్యమంటవా? ఫోను జెయ్యి బిడ్డా."

దవాఖానలో ఫోను మూడోసారికి ఎత్తారు. ఆ చివరి పేజీ కంప్యూటరులోకి ఎక్కలేదట, కాగితం మాత్రం ఉందట. వెతికి చదువుతామన్నారు. రాయమల్లు వంగని కాలిమీదే నిలబడ్డాడు. మమత రిసీవరు చెవికి అదుముకుని ఒక్కొక్కటే పలికింది. "జగదీశ్వర్, ఫిట్. ఎల్లన్న, ఇంకో పరీక్షకు రావాలె." ఆగింది. "రాయమల్లు... పైపనికే."

రాయమల్లు బల్లమీద కూర్చుని మోకాలిని రెండు చేతులతో నిమురుకున్నాడు, అదేదో పరీక్ష పాసయినట్టు.

మూడింటికి రఘుపతి సంతకం చేశాడు. మూడున్నరకు ల్యాంపురూము ముందు కుర్చీలు వేసి, ఆమోసుకు శాలువా కప్పి దండ వేశారు. మిక్చరు పొట్లాలు పంచుతుండగా రఘుపతి, "ముగ్గురు మాయమైన కథ అందరికీ చెప్పమ్మా" అన్నాడు.

మమత లేచి నిలబడింది. "ఖాళీ గడిని దేనితోటి పోల్చినా కంప్యూటరు అవుననదు, కాదనదు. తెల్వదంటది. నేను కానోళ్ళను అడిగితే ఖాయంగ కానోళ్ళనే ఇచ్చింది. తెల్వనోళ్ళు రెండు దిక్కులా రాలిపోయిన్రు. వాళ్ళను ఖాళీ ఉన్నదా అని అలగ్ అడగాలె. అడిగినంక గూడ మనమే నింపొద్దు, మనిషిని అడగాలె. గిది నాకు కాలేజీల చెప్పిన్రు. సమజయింది మాత్రం ఇయ్యాల, ల్యాంపురూముల."

"మరి నా సంగతేంది, నేను ఫిట్టా కానా?" అన్నాడు వెనకనుంచి ఎల్లన్న.

"మిక్చరు తినుడుకైతే ఫిట్టే" అన్నాడు రాయమల్లు. నవ్వులు లేచాయి.

ఆ నవ్వుల్లోనే రెండో షిఫ్టు సైరన్ మోగింది. జనం దీపాలకోసం కిటికీకి ఎగబడ్డారు. రాయమల్లు లోపలికెళ్ళి మొదటి దీపం తీసి ఇచ్చాడు, రెండోది ఇచ్చాడు, నలభయ్యోది ఇచ్చి "కాకా, దీని పట్టీ బిగుతుగున్నది" అంటూ వెనక్కి తిరిగాడు. ఆమోసు లేడు. గేటు బయట షేర్ ఆటో ఒకటి కదిలి, రాహేలు పక్కన శాలువా అంచు ఒక్కసారి రెపరెపలాడి, మలుపు తిరిగింది.

ఆయన రోజూ కూర్చునే స్టూలుమీద, పాత పరదా గుడ్డతో రాహేలు కుట్టిన పచ్చపూల దిండు ఉంది. ముప్పై ఆరేళ్ళ బరువుకు నడుమ పడ్డ గుంటలోంచి దూది మెల్లమెల్లగా, ఇంకా పైకి లేస్తూనే ఉంది.