బావికి వదిలిన నేల

నేను ఒక హద్దురాయినే, కానీ ఎవరి పొలానికీ హద్దును కాను. "ఇక్కడి నుంచి నాది" అని చెప్పడానికి మనుషులు రాళ్లు పాతుతారు. నన్ను మాత్రం "ఇక్కడి నుంచి నాది కాదు" అని చెప్పడానికి పాతారు. అలాంటి రాయి మీ ఊళ్లో ఉందో లేదో నాకు తెలియదు.

నేను పుట్టింది ఊరికి పడమట ఉన్న ఎర్రకొండలో. రాళ్లు కొట్టేవాళ్లు వరసగా గుంతలు తొలిచి, ఉలి దిగగొట్టి, బండ లోపలి చప్పుడు వింటూ నన్ను చీల్చారు. నాతోపాటు చీలినవాటిలో ఒకటి పోలీసు స్టేషనుకు మెట్టయింది. ఇంకొకటి ఎవరో నాయకుడి విగ్రహం కింద దిమ్మెలో చేరి, ఏడాదికోసారి పూలదండల వాసన చూస్తోందట. నన్నూ, నాలాంటి మరికొన్ని రాళ్లనూ దూదేకుల ఖాసింపీరా ఎద్దులబండి మీద తన చేనికి తోలుకొచ్చాడు.

ఖాసింపీరా అప్పుడే చేని చివర బావి తవ్వించాడు. నీళ్లు పడ్డాక బావి పక్కన జీవాలకు ఒక తొట్టి కట్టించాడు. ఆ తర్వాత బావి గట్టు నుంచి నలువైపులా మూరలు కొలిచి మమ్మల్ని పాతించాడు. కొత్తగా కాపురానికొచ్చిన ఆయన కోడలు పీరమ్మ సద్ది తెచ్చి, ఇదంతా చూసి ఆశ్చర్యపోయింది.

"మామా, ఇంత నేల బీడు పెడితిరే! కంది ఏసుకున్నా ఏడాది పప్పుకు కరువుండదు గదా?"

"నీళ్లు తాగినంక జీవాలు ఊరికే పోతాయా పాపా? పండుకోల్ల, నెమరేయల్ల. ఆ తావు వాటిది. బాయి తవ్వినోడు దాని సుట్టూ నలభై మూరలు జీవాలకు ఇడ్సల్లని మన ప్రవక్త చెప్పినాడు. దీంట్లో దున్నకూడదు. ఇంకో బాయి తవ్వకూడదు."

"అయితే ఈ నేల ఎవరిది మామా?"

"అల్లాది." అని నవ్వాడు ఆయన. "ఆ పక్కదీ అల్లాదేలే. అది మనల్ని చూసుకోమని అప్పజెప్పినాడు. ఇది వాటికి అప్పజెప్పినాడు. అంతే తేడా."

పీరమ్మకు ఎంత అర్థమైందో గానీ, ఆ తర్వాత ఎప్పుడూ ఆ నేలలో ఒక్క గింజ కూడా చల్లలేదు. నాకైతే ఆ రోజులు చాలా బాగుండేవి. మధ్యాహ్నం గొర్రెలు నీళ్లు తాగి వచ్చి నా నీడలో తలలు దాచుకునేవి. నా నీడ ఎంతని? అయినా పోట్లాడుకునేవి. వీపు గోక్కోవడానికి అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఉలి నాకు మిగిల్చిన గరుకంతా గొర్రెలే నున్నగా చేశాయి.

ఖాసింపీరా వెళ్లిపోయాడు. ఆయన కొడుకూ వెళ్లిపోయాడు. చేను మనవడు దస్తగిరి చేతికి వచ్చింది. దస్తగిరిని చెడ్డవాడని నేను అనను. పచ్చని చెట్టు కొమ్మ విరవడు. పిట్టలు గింజలు తింటే కేకలు వేయడు. ఐదు పూటలా నమాజు చేస్తాడు. చేనంతా చీనీ తోట, అంటే బత్తాయి తోట పెట్టి, ఒక్కో మొక్కకూ బిందెలతో నీళ్లు మోసి పెంచాడు.

చెట్లు కాపుకొచ్చే వయసుకు వానలు మొహం చాటేశాయి. బావి నీళ్లు జీవాలకు సరిపోయేవి, తోటకు చాలేవి కావు. దస్తగిరి తన చేనిలో వేయించిన బోర్లన్నిట్లోనూ దుమ్మే లేచింది. చివరికి నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. నన్ను దాటి బావి వైపు కొంచెం నడిచాడో లేదో, టెంకాయ లేచి నిలబడింది.

"ఈడుండాది చూడు గంగ!" అన్నాడు.

దస్తగిరి మసీదుకు వెళ్లి హజరత్‌ను అడిగాడు. రాళ్ల లోపలి నేల బావి హక్కు, అక్కడ బోరు వేస్తే బావి గొంతు నులిమినట్టే అన్నాడట హజరత్. దస్తగిరి తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ముడుచుకుపోయిన చీనీ ఆకొకటి తీసి చేతిలో నలిపాడు.

దేవుడంటే భయం లేనివాడైతే నేరుగా బోరు వేసేసేవాడు. దస్తగిరికి భయం ఉంది. అందుకని రాళ్ల లోపల బోరు వేయలేదు. రాయిని లోపలికి జరిపాడు.

మరుసటి రోజు పొద్దున్నే గడ్డపార తెచ్చి, బిస్మిల్లా అని నా మొదట్లో పొడిచాడు. నేను సగం పైకి లేచేసరికి తల్లి పీరమ్మ వచ్చింది. అప్పటికి ఆమె నడుము వంగిపోయింది.

"ఏం జేస్తాండావురా?"

"రాయి ఒరిగిందమ్మా. సరిగ్గా నిలబెడతాండా."

"నిలబెట్టేవోడివి కొత్త గుంత ఆడెందుకు తీసినావు? రాయి ఏమన్నా హజ్‌కు పోతాదా?"

దస్తగిరి గడ్డపార మళ్లీ దించాడు.

"జానెడు నేల అన్యాయంగా కలుపుకుంటే, కడపటి దినాన ఏడు భూములు మెడకు పడతాయని హజరత్ చెప్పింటే ఇన్లేదా?"

"ఎవరిది కలుపుకుంటినమ్మా? మా జేజినాయన నేలే గదా!"

"మీ జేజినాయన ఇచ్చేసిన నేల. ఇచ్చింది మళ్లీ తీసుకునేది కక్కిన కూడు తిన్నట్టురా."

"చెట్లు సచ్చిపోతాండాయమ్మా!" అని ఒక్కసారిగా అరిచాడు. "బిడ్డల మాదిరి సాకితినే. కండ్ల ముందర ఎండిపోతాంటే ఎట్ల చూడల్ల?"

పీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నేను కొత్త గుంతలో నిలబడ్డాను. నాకు నోరుంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. చెట్లు చచ్చిపోతున్నమాట నిజమే.

బోరులో నీళ్లు పడ్డాయి. చీనీ చెట్లు మళ్లీ చిగిర్చాయి. బావి నీళ్లు మాత్రం రోజురోజుకూ కిందికి దిగి, చివరకు అడుగున పగిలిన మట్టి కనిపించింది. దస్తగిరి బాధపడి, బోరు నుంచి తొట్టికి పైపు వేశాడు. మొదట్లో రోజూ నింపేవాడు. తర్వాత గుర్తొచ్చినప్పుడు నింపేవాడు. ఎండలు ముదిరి బోరు సన్నగా పోయడం మొదలుపెట్టాక, ఆ కాస్తా తోటకే మళ్లించాడు. మనుషులు మంచితనాన్ని ఒక్కరోజులో వదలరు. కుళాయి కట్టేసినట్టు కొంచెం కొంచెంగా తిప్పుతారు.

కురబ ఓబుళమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ మా దగ్గరికే గొర్రెలు తోలుకొస్తోంది. ఒక మధ్యాహ్నం ఆమె తొట్టిలోకి తొంగి చూసింది.

"ఏం దస్తగిరన్నా, తొట్టి నిండా ఎండ పోసిపెట్టినావే!"

"కరెంటు లేదు ఓబుళమ్మా. సాయంత్రం ఇడుస్తాలే."

"ఆ మాటేందో గొర్రెలకే చెప్పు. నేను చెప్తే ఇనవు."

గొర్రెలు తొట్టి అంచులు నాకాయి. కొన్ని అలవాటుగా నా దగ్గరికి వచ్చి పడుకున్నాయి. గొంతు తడవకుండా ఏం నెమరు వేస్తాయి? ఓబుళమ్మ వాటిని లేపి తోలుకుపోయింది. ఆ తర్వాత ఆమె కొండ అవతలి చెరువుకు తోలడం మొదలుపెట్టింది. అది చాలా దూరం, ఎక్కుడు దారి.

తోటలో కాయలు కోసే రోజున దస్తగిరి ఒక చీనీకాయ ఒలిచి తల్లికి ఇచ్చాడు.

"నాకొద్దు నాయనా." అంది పీరమ్మ. "ఓబుళమ్మ సూడిగొర్రె కొండెక్కలేక దావలోనే పడిపాయెనంట. కడుపులో రెండు పిల్లలంట."

దస్తగిరి కూడా ఆ కాయ నోట పెట్టలేదు.

మరుసటి రోజు మోటారు పైకి తీయించాడు. బోరు మూతికి బండ పెట్టాడు. నన్ను పెకిలించి పాత చోటికి మోసుకెళ్లాడు. పాత గుంత పూడిపోయి ఆనవాలు దొరక్క, ఎందుకైనా మంచిదని ఇంకాస్త బయటికే పాతాడు. నేనిప్పుడు ఖాసింపీరా వదిలినదానికన్నా ఎక్కువ నేలకే హద్దును. తోటలో సగం చెట్లు ఆ ఎండాకాలమే ఎండిపోయాయి. బావిలో నీళ్లు మాత్రం తిరిగి రాలేదు. వాన పడాలి.

"తనకు చేసిన తప్పును అల్లా మన్నిస్తాడు. ఇంకొకరికి చేసిన తప్పును వాళ్లే మన్నించాలి." అన్నాడట హజరత్. అందుకే ఓబుళమ్మ మందతో నా పక్కనుంచే కొండకు పోతుంటే దస్తగిరి దారికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"ఓబుళమ్మా, తప్పు చేస్తి. మన్నించు."

ఓబుళమ్మ తిట్టలేదు. కట్టె నేలకు ఆనించి, "నన్నడిగితే ఏమొస్తాదిన్నా? నీ బాయి నీళ్లు నేను తాగితినా?" అంది. "తాగినవి అవి. అడిగితే వాటినే అడగల్ల."

ఎగతాళికి అన్నదో, నిజంగానే అన్నదో నాకు తెలియలేదు. దస్తగిరి మాత్రం నిజంగానే గొర్రెల వైపు తిరిగాడు. రెండు చేతులూ ముందుకు చాచాడు. గొర్రెలతో ఆ మాట ఎలా చెప్పాలో ఎవరికి తెలుసు?

ముందున్న గొర్రె వచ్చి అతని అరచేతిని వాసన చూసింది. నీళ్లు పెడుతున్నాడనుకుంది కాబోలు, ఒకసారి నాకింది. తర్వాత తల తిప్పుకుని కొండ వైపు నడిచింది. మిగతావి దాని వెనకే పోయాయి. వాటిలో ఒక్కటి కూడా వీపు గోక్కోవడానికి నా దగ్గర ఆగలేదు.

నేను ఇక్కడే ఉన్నాను. బావికి వదిలిన నేలను ఎవరూ దున్నడం లేదు, తవ్వడం లేదు. దాని మీద పడుకునేవాళ్లూ ఎవరూ లేరు.