నల్లగుడ్డు అంచున బొడిపె

లేచీ లేవగానే అద్దంలో చూసుకున్నాను. ఉంది. నిన్నటికన్నా పెరిగిందో లేదో తేలక, వేలితో రెప్ప పైకి లాగి ఫోన్లో ఫొటో తీసి, నిన్నటి ఫొటో పక్కన పెట్టి చూశాను. కుడికంట్లో, నల్లగుడ్డు అంచున, పెసరగింజలో సగం ఉంటుందేమో, గోధుమరంగు బొడిపె. దాని చుట్టూ ఎర్రటి జీరలు. ఈ పద్నాలుగు రోజుల్లో అలాంటి ఫొటోలు అరవై పైనే తీశాను.

కంటి మీద బొడిపె ఎందుకొస్తుందని ఫోన్‌నే అడిగాను. ఎండకీ దుమ్ముకీ పసుపుపచ్చగా లేచేది ఒకటి, ముక్కు వైపు నుంచి కండలా పాకేది ఒకటి, నీటిబుడగ ఒకటి అని వరసగా చెప్పుకొచ్చి, చివర్న అరుదుగా క్యాన్సర్ కూడా కావచ్చు అంది. నాకు ఆ చివరి ముక్కే మనసులో నిలిచింది. కన్ను తీసేస్తారని నాకు నేనే తేల్చేసుకున్నాను.

ఇక కాలు నిలవలేదు. నేను మండపేటలో ఒక రైస్‌మిల్లు గేటు దగ్గర, లారీలు తూచే కాటా గదిలో పనిచేస్తాను. ఒక లారీ బరువు ఇంకో లారీ చీటీలో రాసేశాను. అడిగిన డ్రైవర్ మీద విరుచుకుపడ్డాను. మా ఆయన సుధాకర్ లారీ డ్రైవర్, ఒడిశా లోడు మీద ఉండి, ఫోన్లో నలక పడుంటుందిలే అన్నాడు. ఫోన్ పెట్టేశాను. ఆస్పత్రికి వెళ్తే ఆ చివరి ముక్కే అంటారని భయం, వెళ్ళకపోతే అది పెరుగుతుందని భయం.

ఇంట్లో మా అత్తయ్య తలుపులమ్మతో ఇంకో తంటా. ముప్ఫై ఏళ్ళు మిల్లు గచ్చు మీద వడ్లు ఆరబోసిన మనిషి. అంతకన్నా ఆవిడకి పేరు తెచ్చింది నలుసులు తీయడం. మిల్లుల్లో ఎవరి కంట్లో ఊక పడినా మా అరుగు మీదికే వచ్చేవారు. రెండు వేళ్ళతో రెప్పలు విప్పి, నాలుక కొసతో కన్నంతా తడిమి, నలుసుని అరచేతిలోకి ఊసి చూపించేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. నాకు మాత్రం చూసినప్పుడల్లా ఒళ్ళు జలదరించేది. కరోనా తర్వాత, నిరుడు ఒకరోజు, అరుగు మీద నలుగురుండగానే, ఈ ఎంగిలి వైద్యం మా ఇంట్లో ఇక కుదరదని చెప్పేశాను. ఆవిడ లేచి, నోరు పుక్కిలించి, లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆపించింది మంచికేనని ఇప్పటికీ అంటాను. ఆపించిన తీరు మాత్రం మంచిది కాదు.

బొడిపె కనిపించిన దగ్గర్నుంచి ఆవిడ రోజూ పొద్దున్నే ఒకసారి సూడనీ అమ్మాయ్ అంటూ నా మొహం మీదికి వచ్చేది. ఊపిరి తగిలేంత దగ్గరికి. నాలుక పెట్టకండి అని నేను వెనక్కి నెట్టేదాన్ని. పెట్టనే, సూత్తానంతే అనేది. నేను నమ్మేదాన్ని కాదు. నాలుగు రోజులు చూసి ఆ మాట మానేసి, ఆస్పత్రికి వెళ్ళమని పొద్దునా సాయంత్రం పోరు మొదలుపెట్టింది.

పదిహేనో రోజు చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది, తనూ వస్తానని. నేను కాదంటే ఒక్కతే వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చేలా ఉంది. ఇద్దరం రాజమండ్రి బస్సెక్కాం. దారి పొడుగునా కిటికీ అద్దంలో నా కన్ను నేను చూసుకుంటూనే ఉన్నాను.

డాక్టర్ లావణ్య గారు నా గడ్డం మెషిన్ మీద ఆనించి, లైటు వేసి చూస్తూ, ఏం పనండీ అని అడిగారు. మిల్లులో అన్నాను. ఆవిడ తల ఊపి, మొద్దుబారే చుక్కలు వేసి, సన్నటి సూదితో అంచున ఏదో కదిపారు. అర నిమిషం పట్టలేదు. దూదిమీద పెట్టి చూపించారు. సగం వడ్లపొట్టు.

"గడ్డ కాదండి. పొట్టు గిన్నె బోర్లించినట్టు అతుక్కుపోయింది. దాని చుట్టూ నరాలు పెరిగి గడ్డలా కనిపించింది. ఇంకొన్నాళ్ళుంటే పుండు పడేది" అన్నారు. ఎవరి చేతా నాలుక పెట్టించలేదు కదా, నోట్లో క్రిములతో కన్నే పోగలదు అని కూడా అన్నారు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. విన్నారా అన్నట్టు గర్వంగా అత్తయ్య వైపు తిరిగాను. డాక్టర్ గారు కూడా అటే చూస్తున్నారు. "అమ్మా, మీరొకసారి ఇలా వచ్చి కూర్చోండి."

నాకేం లేదంటూనే లేచింది. స్టూలు ఎక్కడుందో ఆవిడ చెయ్యి గాల్లో వెతకడం అప్పుడు చూశాను.

కుడికంట్లో ముక్కు వైపు నుంచి పెరిగిన కండ నల్లగుడ్డు మీదుగా కంటిపాప దాకా వచ్చేసిందట. ఎడమకంట్లో సగం దూరం వచ్చిందట. ఏళ్ళ తరబడి ఎండా దుమ్మూ చేసిన పని. చుక్కల మందుకి కరగదు. కోసి తీసి, పై రెప్ప కింది పల్చటి పొర అక్కడ అతికించాలి. మళ్ళీ పెరగకుండా ఎండలో కళ్ళద్దాలు వాడాలి. అంచున ఉన్నప్పుడే వస్తే బాగుండేది, ఇప్పుడు చూపు ఎంతవరకు తేరుకుంటుందో తీశాకే చెప్పగలం అన్నారు.

"ఇంట్లో ఎవరూ చూడలేదాండీ? ఇంత దూరానికే కనిపిస్తోంది" అన్నారు నాతో. మందలింపుగా కూడా అనలేదు.

ఎన్నాళ్ళ నుంచని అత్తయ్యని అడిగాను. మూడేళ్ళంది. మరి నేను ఆపించేదాకా నలుసులెలా తీశారు అంటే, దానికి చూపెందుకు, నాలుకకి తగుల్తది కదా అంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నాకే చూపు ఆనట్లేదంటే ఆ పని మానిపించేత్తావని. ఎలాగూ మానిపించావనుకో." నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అంది.

"మరి నా కన్ను చూస్తానని రోజూ మీదికొచ్చేవారుగా?"

"బాగా దగ్గరికొత్తే ఎడంకంటికి కొంచెం ఆనుద్దే. నువ్వు రానిత్తేగా."

 నాకు సిగ్గేసింది. నా ఫోన్లో అరవై ఫొటోలు, అన్నీ నా కన్నే. ఎదురుగా ఉన్న మొహాన్ని ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. డాక్టర్ గారు గురువారం తీసేద్దామా అంటే, అత్తయ్య నోరు విప్పేలోపే సరేనన్నాను.

బయట బెంచీ మీద కూర్చోబెట్టి, రెండు చేతులతో ఆవిడ మొహం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాను. రెప్ప వేయకుండా అలాగే ఉంది. ఎవరికీ వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"అద్దంలో నాకెప్పుడూ సరిగా ఆన్లేదమ్మాయ్. బాగా పెద్దదా?"

మూడేళ్ళుగా ఒక్కతే భయపడుతోందని అప్పుడు తెలిసింది.

"పెద్దదే అత్తయ్యా" అన్నాను. చేతులు తీయలేదు.