రాలని పసహర్

పసహర్ వడ్లను ఎవరూ కోయరు. చెరువులోకి దిగి, వరి వెన్ను కింద బుట్ట పట్టి మెల్లగా తడితే గింజలు వాటంతటవే రాలిపోతాయి. ఎవరూ విత్తకుండా, నాగలి ఎరగని నేలలో మొలిచే అడవి వరి అది. మా ఛత్తీస్‌గఢ్ తల్లులు కమర్‌ఛఠ్ వ్రతం నాడు పిల్లల ఆయుష్షు కోసం ఉపవాసముండి, సాయంత్రం తినేది ఆ అన్నమే. దున్నిన నేలలో పండిన మెతుకు ఒక్కటి నోట్లో పడినా వ్రతం చెడినట్టే.

వచ్చే ఏటి వ్రతానికి గింజలు తానే స్వయంగా తెచ్చుకుంటానని మా చెల్లెలు హేమిన్ పట్టుబట్టింది. దానికి ఒక్కడే కొడుకు, డుమన్. వాడికి సికిల్ సెల్ జబ్బు. ఎముకల నొప్పి వచ్చిందంటే మెలికలు తిరిగిపోతాడు. రక్తం ఎక్కిస్తే లేస్తాడు, మళ్లీ పడతాడు. ఆ జబ్బు అమ్మానాన్నలిద్దరి నుంచీ వాడికి వచ్చిందని ఇంట్లో విడమరిచి చెప్పింది నేనే. చదువుకున్నదాన్ని కదా, అలాంటి పనులన్నీ నాకే పడతాయి.

నేను రాయ్‌పూర్‌లో వరి జన్యువులు చూసే ప్రయోగశాలలో పనిచేస్తాను. వానాకాలంలో మా చెరువు పసహర్ ఆకులు కూడా పరీక్షకు పట్టుకెళ్లాను. ఫలితం ఎప్పుడో వచ్చింది. హేమిన్‌కి చెప్పడానికే నోరు రాలేదు.

వానలు వెనకబట్టాక ఇద్దరం మోకాటి లోతు నీళ్లలోకి దిగాం. హేమిన్ వెన్నును తట్టింది. ఒకటీ అరా రాలాయి. గట్టిగా దులిపింది. మిగతా గింజలు వెన్నును వదల్లేదు.

"ఇంకా పండలేదేమో దీదీ."

"పండాయే."

"అయితే నువ్వు పక్కన నిలబడటం వల్లే. నువ్వు పోసిన చీలా అట్టు పెనాన్ని వదలదు, నిన్ను చూసి గింజ మాత్రం వెన్నునేం వదుల్తుంది?"

నాకు నవ్వు రాలేదు. అది నా మొహం చూసి చెయ్యి ఆపింది.

"ఆకులు చూశావుగా. ఏం తేలింది?"

గట్టు అవతలి పొలాలు చూపించాను. ఇదివరకు చెరువులోని వరి ముందుగా పూసేది, పొలంలోది ఆలస్యంగా పూసేది. ఒక తాత సంతానమే అయినా మాటల్లేని దాయాదుల్లా ఎవరి కాలంలో వాళ్లు బతికారు. పొలాల్లోకి తొందరగా కోతకొచ్చే రకాలు వచ్చాక రెండూ ఒకేసారి పూస్తున్నాయి. పుప్పొడికి గట్టు ఒక అడ్డా? ఏటా కొంత కొంత కలిసి, ఇప్పుడు రాలే గుణమే పోతోంది.

"అంటే ఇది పసహర్ కాదా?"

"సగం పొలం వరే."

"పక్క ఊళ్లో చెరువుందిగా."

"అక్కడిదీ చూశాను. అంతే."

హేమిన్ వంగి నీళ్లలో చెయ్యి పెట్టి అడుగు మట్టిని తడిమింది. "ఈ చెరువులో నాగలి దిగలేదుగా. వ్రతానికి చెల్లుతుందని చెప్పు. డుమన్ మీద ఒట్టేసి చెప్పు."

నాకు వ్రతాల మీద నమ్మకం లేదు. ఏ దేవుడి మీద ఒట్టైనా వేసేదాన్నే. ఆ పిల్లాడి మీద మాత్రం నా వల్ల కాలేదు.

"వాడి రక్తపరీక్ష కాగితం చూసినప్పుడూ మొదట ఇలాగే నోరు కట్టేసుకుని నిలబడ్డావు. నువ్వు చూసిందేదీ బాగుపడదా దీదీ?"

నాకు ఏడుపొచ్చింది, దాని ముందు ఏడవడానికి సిగ్గేసింది.

హేమిన్ ముక్కు తుడుచుకుని బుట్టలోకి తొంగి చూసింది. అడుగున నాలుగు గింజలున్నాయి.

"పోనీ, రాలినవి మాత్రం అసలువేగా? ప్రతి వెన్నూ తడతాను. రాలినవే తీసుకుంటాను."

రాలే మొక్కల్లోనూ పొలం వరి కలిసిపోయిందని ఆకులు ముందే చెప్పాయి. హేమిన్ నా వైపే చూస్తోంది. ఈసారి ఒట్టు అడగలేదు.

"అవునే, అసలువే," అని బుట్ట పట్టుకున్నాను.