కొండన్న కొట్టంలో మూడో ఎద్దు

ఫోనెత్తింది కొండన్న కోడలు అరుంధతి. సిగ్నల్ ప్రాణహిత నది అవతలి ఒడ్డు నుంచి ఈదుకుంటూ రావాలి. ‘పాత రేసు కారు చూడాలి’ అన్న మాట ఈ ఒడ్డుకు చేరేసరికి ‘పాత రేషన్ కార్డు చూడాలి’ అయింది. పొద్దెక్కేసరికి వాడంతా కార్డులు పట్టుకుని కొండన్న వాకిట్లో కూర్చుంది.

జీపు దిగిన అజయ్‌కుమార్ హైదరాబాదు మనిషి. పాత రేసు కార్లు కొని బాగుచేయించడం ఆయన పిచ్చి; ఈ కారు సంగతి విని ఫోన్ చేసింది ఆయనే.

“కారెక్కడండీ?”

కొండన్న కొట్టం వైపు నడిచాడు. సంగతి తెలియగానే, ఈయన వద్దంటే రేపే దాన్ని తుక్కుకు వేస్తానన్నాడు కొడుకు సంజీవ్. పందేలు మానేసిన ఆ కారును ఏనాడో అల్లపల్లి టేకు కాంట్రాక్టరొకాయన కొండన్న తండ్రికి వదిలిపోయాడు. తండ్రి దాని ఇంజనుకు పంపు బిగించాడు. పందెంలో పరుగెత్తిన బండి వరిమడికి నీళ్లెత్తింది.

ఇప్పుడు కారుతున్న కొట్టంలో ఉంది కారు, రెండెద్దుల పక్కన. ఒళ్లంతా ఎర్రమట్టి జాజు, పసుపు బొట్లు, స్టీరింగుకు గజ్జెలు.

అజయ్‌కుమార్ తల పట్టుకున్నాడు. “ఎవరండీ రంగులేసింది? అసలు రంగు పోతే దీని విలువే పోతుంది!”

“నేనే సారూ. పోలా పండుగకు ఎద్దులకు ఏస్తం గద. మడికి నీళ్లు తోడింది, ఇది సుత ఎద్దే. దీన్నొక్కదాన్ని ఇడిచిపెడితే ఏమనుకుంటది?”

“కారు ఏమనుకుంటదే నాయినా! తుక్కుకేద్దామంటే ఇన్నవా?” అన్నాడు సంజీవ్.

కొండన్న తలొంచుకున్నాడు. ఆయన భార్య ఆగమ్మ బకెట్టు, తడిగుడ్డ తెచ్చింది. “జర ఆగుండ్రి.”

జాజు ఎర్రనీళ్లై కారింది. కింద నీలం రంగు తళుక్కుమంది. దాని మీద తెల్లగా ఏడో నంబరు!

“జాజు కింద ఏం పూశారమ్మా?”

“నూనె. పోలా ముందురోజు ఎద్దుల మెడలకు పట్టిస్తం. దీనికి మెడ ఏడున్నది? అందుకే ఏటేటా ఒళ్లంత పట్టిస్తడు ఈ ముసలాయన. నా తలకెన్నడన్న గంత నూనె పెట్టిండా?”

“ఆ నూనే కాపాడిందండీ! ఇట్లా అసలు రంగుతో మిగిలినవి దొరకవు. నేను తీసుకెళ్తాను.”

కారుచౌకగా పోవాల్సిన కారు కొండెక్కి కూర్చుంది. సంజీవే తడిగుడ్డ అందుకుని మిగతా జాజు తుడవసాగాడు. కొండన్న మాత్రం ఒక్కటే అడిగాడు:

“పోలాకు దీనికి నూనె పెడ్తరా సారూ?”

“మీరే వచ్చి పెట్టండి. మీ కోసం వేరే కారు పంపిస్తాను.”

వెనక కార్డుల గుంపులోంచి అఖ్తర్ బీ అరిచింది: “అరుంధతీ, మా కార్డులు ఎప్పుడు చూస్తడమ్మా?”

అరుంధతి నాలుక కరుచుకుని అరుగెక్కింది. “అందరు ఇనుండ్రి! ఫోన్ల ఆయన చెప్పింది రేసు కారు. నాకు ఇనబడ్డది రేషన్ కార్డు. తప్పు నాది గాదు, సిగ్నల్‌ది!”

వాడంతా గొల్లున నవ్వింది.

“ఎట్లనో గట్ల వచ్చిన్రు గద,” అన్నాడు కొండన్న, కళ్లు తుడుచుకుంటూ. “ఇగ కార్డులు జేబుల పెట్టి, మా ఎద్దును జర బయటికి తొయ్యుండ్రి.”